ముక్కలో లేదు, పట్టీలో ఉంది

ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలు కొందామని రోడ్డు మీదికి వస్తే చాలు, ఎవరో ఒకరు ఆపి, మొహం వేలాడేసి, "ఎట్లున్నవమ్మా" అని అడుగుతున్నారు. అందులో సగం ప్రేమ, సగం ఆరా. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే ఒక్కసారి రాసి పెట్టేస్తున్నాను. మా హాస్టల్ అమ్మాయిలు చదువుతారు, వాళ్ల అమ్మలకు ఫోన్‌లో చెబుతారు, నాకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

నా పేరు సునంద. యాభై నాలుగేళ్లు. కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆడపిల్లల హాస్టల్ నడుపుతాను. ఇల్లు ఎల్‌బీ నగర్‌లో. మా ఆయనది ప్లాట్ల వ్యాపారం. వాళ్లు హయత్‌నగర్ పక్కనున్న పాత ఊరివాళ్లు, పొలాలన్నీ ఇప్పుడు వెంచర్లయ్యాయి. ఒక్కతే కూతురు, వరంగల్‌లో ఉద్యోగం చేస్తుంది. హాస్టల్ నడిపే ఆడదానికి ఓర్పు బాగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నాకు లేదు. గీజర్ ఆపకుండా పోయిన పిల్లను తిట్టడానికి మూడో అంతస్తు దాకా ఎక్కే రకం నేను. అలాంటిదాన్ని ఈ ఏడాది మెట్లెక్కలేక కింద కుర్చీ వేసుకొని కూర్చున్నాను.

మొదలైంది శ్రావణంలో. హయత్‌నగర్‌లో కట్టుకున్న కొత్త ఇంటికి గృహప్రవేశం పెట్టుకున్నాం. కార్డులు పంచేశాం, వంటవాళ్లకు చెప్పేశాం. ముహూర్తం ఇంకా రెండు మూడు రోజులుందనగా బట్టలకు రక్తం కనబడింది. నాకు నెలసరి ఆగిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది. భయం వేసిందా అంటే, లేదు. కోపం వచ్చింది. ఇప్పుడే రావాలా అని. పీటల మీద కూర్చోవాల్సిందాన్ని నేను, బయట కూర్చుంటే ఎట్లా?

మా వదినకు చెప్పాను. ప్రమీల వదిన మా ఆయనకు అక్క. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆవిడే. ఇంట్లో ఏ పూజైనా, ఏ నోమైనా ఆవిడ చేతి మీదుగానే జరగాలి. వదిన ఏమాత్రం కంగారు పడలేదు.

"గిదేం పెద్ద ముచ్చట? బిళ్ళలు తెప్పిస్త, ఏసుకో. ఆగిపోతది. మనింట్ల అందరం ఏసుకున్నోళ్లమే."

నిజమే, అందరం వేసుకున్నవాళ్లమే. పెళ్లికి, తిరుపతికి, నోముకి తేదీ అడ్డం వచ్చిందంటే మెడికల్ షాపులో ఆ బిళ్ళలు అడుగుతారు. చీటీ అడిగేవాళ్లు లేరు. మా హాస్టల్ పిల్లలు కూడా ఇంటికి పండక్కి వెళ్లే ముందు కొనుక్కుంటారు. అవి వేసుకోవడం తలనొప్పికి బామ్ రాసుకున్నంత మామూలు మాకు. నేనూ వేసుకున్నాను. ఆగిపోయింది. గృహప్రవేశం బ్రహ్మాండంగా జరిగింది. పాలు పొంగాయి, వదిన మురిసిపోయింది, ఫోటోల్లో నేను బాగానే పడ్డాను.

దసరా అయ్యాక మళ్లీ కనబడింది. ఈసారి కొంచెం కొంచెంగా, రోజు విడిచి రోజు. నడుము లాగేస్తున్నట్టు ఉండేది. సాయంత్రమయ్యేసరికి పిల్లల మీద అరిచే ఓపిక కూడా లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అందరూ ఒకే మాట అన్నారు, వేడి చేసిందని. సబ్జా గింజలు నానబెట్టి తాగాను. బార్లీ నీళ్లు తాగాను. సగ్గుబియ్యం జావ తాగాను. కడుపులో చెరువు తయారైంది తప్ప రక్తం ఆగలేదు.

మేముండే ఎల్‌బీ నగర్ ఇంటి పై అంతస్తులో అనూరాధ గారని అద్దెకుంటారు. వాళ్లది భీమవరం వైపు. ఆవిడ బ్యాంకులో పనిచేస్తారు. ఒక ఆదివారం బట్టలారేస్తూ నా మొహం చూసి ఏమైందని అడిగితే చెప్పాను.

"నెలసరి ఆగిపోయాక మళ్లీ కనబడితే అది వేడి కాదండీ," అన్నారావిడ. "మా పిన్ని కూడా ఇలాగే మజ్జిగ తాగుతూ కూర్చుంది. చాలా ఆలస్యమైపోయింది. రేపు నేను సెలవు పెడతాను, పదండి వెళ్దాం."

అద్దెకున్నావిడ నాకు చెప్పేదేమిటని లోపల గొణుక్కున్నాను. కానీ వెళ్లాను. ఎల్‌బీ నగర్‌లోనే లేడీ డాక్టరు. స్కాన్ చేసి, గర్భసంచి లోపలి పొర ఈ వయసులో ఉండాల్సిన దానికన్నా మందంగా ఉందన్నారు. ముక్క తీసి పరీక్ష చేయించాలి, పెద్ద ఆసుపత్రికి వెళ్లండని చీటీ రాశారు. ఆ పెద్ద ఆసుపత్రి ఏ రోగానికి పెట్టిందో నాకు తెలుసు. బయటికి వచ్చి అనూరాధ గారు కొబ్బరిబొండం తాగిద్దామంటే వద్దన్నాను.

ఆసుపత్రి వాళ్లిచ్చిన తేదీకి ముందు మా కేదారేశ్వర నోము వచ్చిపడింది. మా అత్తగారి అత్తగారి కాలం నుంచీ వస్తున్న నోము, ఒక్క ఏడాది కూడా తప్పలేదు. వదిన మళ్లీ బిళ్ళలు తెచ్చింది. ఈసారి ఎక్కువ రోజులకు తెచ్చింది, కార్తీక సోమవారాలు కూడా ఉన్నాయి కదా అని.

"ముందు నోము కానియ్యి. దేవుని దయతోని దవాఖానల గూడ అంత మంచిగనే ఒస్తది," అంది.

నేను మింగాను. రక్తం ఆగింది. వేడే అయ్యుంటుందని మళ్లీ ఆశ పుట్టింది.

ఆసుపత్రికి మెట్రోలో వెళ్లాం, నేనూ అనూరాధ గారూ. మా ఆయన వస్తానన్నాడు కానీ పొద్దున్నే ఏదో రిజిస్ట్రేషన్ పని పెట్టుకున్నాడు. భయపడ్డాడని నాకు తెలుసు. అక్కడ ఆడవాళ్ల విభాగంలో హాలు నిండా జనం. నల్గొండ నుంచి, మిర్యాలగూడ నుంచి తెల్లారకముందే బస్సెక్కి, ఎల్‌బీ నగర్‌లో దిగి వచ్చినవాళ్లు. రిపోర్టులన్నీ బట్టల షాపు సంచుల్లో. పక్కనున్నామె జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది, ఎవరో ఏమిటో అడక్కుండా నా చేతిలో ఒక ముక్క పెట్టింది. ఆ హాల్లో రోగం పేరెత్తి మాట్లాడుకున్నవాళ్లను నేను చూడలేదు. కోడళ్ల గురించి, వానల గురించి, క్యాంటీన్ ఉప్మా గురించి మాట్లాడుకుంటారు. నంబరు పిలవగానే మాట అక్కడే వదిలేసి లేస్తారు.

నా నంబరు ఇంకా రాకముందే ఒక అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. పేరు శిరీష, సూర్యాపేట పిల్ల. పరిశోధన చేస్తోందట. మా హాస్టల్ పిల్లల్లాగే ఉంది, సరిగా తిననట్టు.

"ఆంటీ, మీకు ఎట్లాగూ ముక్క తీస్తరు. అప్పుడే లోపలి నుంచి కొంచెం తడి దూదితోని తీసుకుంటం, మీరు సరే అంటేనే. దాన్ని ఒక పట్టీ మీద పెట్టి చూస్తం. పట్టీ మీద బంగారం రేణువులుంటయి. వెంట్రుక మందాన్ని వేల ముక్కలు చేస్తే అండ్ల ఒక్క ముక్కంత చిన్నయి. క్యాన్సర్ కణాలు వదిలే పదార్థం ఉంటే ఆ రేణువులు దాన్ని పట్టుకొని ఒక్క దగ్గర చేరుతయి. అప్పుడు ఎర్ర గీత పడతది."

"బంగారమంటే పచ్చగా కదా ఉండేది?"

"అంత చిన్నగ చేస్తే ఎర్రగ కనబడతది ఆంటీ."

మా ఇంట్లో కాసు తక్కువైందని మొహాలు మాడ్చుకున్న పెళ్లిళ్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే. ఫలితం నాకు చెప్పరట. ఇంకా పరిశోధనే కాబట్టి దాన్ని బట్టి వైద్యం చేయకూడదట. ముక్క పరీక్షకూ దానికీ పొసగకపోతే మాత్రం డాక్టరుకు చెబుతారట. చెప్పని పరీక్ష నాకెందుకమ్మా అని విసుక్కున్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. సరే తీసుకో, నాది పోయేదేముందని సంతకం పెట్టాను.

లోపల నర్సు అడిగింది, మందులేమైనా వాడుతున్నారా అని. బీపీ బిళ్ళ ఒకటి అని చెప్పాను. అంతకు మించి నాకేమీ తట్టలేదు. జ్వరానికి వేసుకుంటే మందు. నోముకు వేసుకున్నది నా లెక్కలో మందు కాదు.

ముక్క పరీక్షలో చెడ్డదేమీ లేదని వచ్చింది. మా ఆయన ఇంటికి జిలేబీలు తెచ్చాడు. వదిన గుళ్లో కొబ్బరికాయ కొట్టింది. నేను పడుకొని, భోజనానికి లేపినా లేవకుండా నిద్రపోయాను.

డిసెంబరులో శిరీష ఫోన్ చేసింది. డాక్టరమ్మ ఒకసారి రమ్మంటున్నారని. ఎందుకంటే చెప్పలేదు. ఆ గొంతు విన్నాక నాకూ మళ్లీ అడగాలనిపించలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. "ముక్కలో ఏమీ లేదు. పట్టీలో మాత్రం గీత వచ్చింది. రెండోసారి చేసినా వచ్చింది. పట్టీని నమ్మి మేం వైద్యం చెయ్యం. ఏమీ లేనివాళ్లకు కూడా అది ఒక్కోసారి వస్తుంది. కానీ రెండూ రెండు రకాలుగా చెబుతున్నాయంటే కారణం వెతకాలి," అన్నారు. ఈ మధ్య ఏమేం మింగారో అన్నీ చెప్పమన్నారు. బీపీ బిళ్ళ, సబ్జా, బార్లీ అంటూ విసుగ్గా చెప్పుకుపోయాను.

పక్కనుంచి అనూరాధ గారు మెల్లగా అన్నారు, "నోముకి ముందు ఏవో వేసుకున్నానన్నారు కదండీ?"

అది కూడా చెప్పాలా అన్నట్టు చూశాను. చెప్పాను. శ్రావణంలో ఒకసారి, కార్తీకంలో ఇన్నాళ్లు అని. డాక్టరమ్మ కలం పక్కన పెట్టారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు.

"ఆ బిళ్ళలు లోపలి పొరను నిద్రపుచ్చుతాయమ్మా. రక్తం ఆగుతుంది. లోపల ఏదైనా ఉంటే అది కూడా కొన్నాళ్లు అణిగిపోయి కనబడుతుంది. మేం తీసిన ముక్కలో దొరక్కపోయి ఉండొచ్చు. ఇక అవి ముట్టుకోకండి. కొన్ని వారాలు ఆగి, ఈసారి కెమెరా పెట్టి చూస్తూ ముక్క తీద్దాం."

ఆ వారాలు ఎట్లా గడిచాయో రాయమంటే నాకు రాదు. ఉందో లేదో తెలియని దాన్ని కడుపులో పెట్టుకొని తిరగడం. ఉందంటే ఏడ్చేదాన్ని, లేదంటే నవ్వేదాన్ని. రెండూ కాక ఊరికే కూర్చున్నాను. ఇంట్లో మాత్రం అందరూ తీర్పు చెప్పేశారు.

"ముక్కల లేదన్నరు గద. పెద్ద పరీక్ష అదే గద," అన్నాడు మా ఆయన. "ఆ పట్టీ తప్పుంటది. ఇంకోసారి మత్తిచ్చి, ఇంకోసారి కోసి, ఎందుకు పరేషాన్?"

వదిన ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఎవలో పిల్ల సదువుకోనీకి నువ్వు కోయించుకుంటవా సునందా? వాళ్లకు మనిషి గావాలె. దొరికినవ్."

వాళ్లు చెప్పింది నమ్మాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. ఆసుపత్రికి వెళ్లకపోతే జిలేబీలు తిన్న రోజు అలాగే నిలిచిపోతుంది. వెళ్తే ఏమవుతుందో తెలియదు. వెళ్లనని రెండుసార్లు ఫోన్ తీశాను, శిరీషకు చెబుదామని. చెప్పలేదు. బిళ్ళలు మానేశాక రక్తం మళ్లీ వచ్చింది, ఈసారి ముదురుగా. ఒక పొద్దున మా ఆయన స్నానానికి వెళ్లినప్పుడు చెప్పులేసుకొని, ఎవరికీ చెప్పకుండా, ఒక్కదాన్నే మెట్రో ఎక్కి వెళ్లిపోయాను. తేదీ ఖాయం చేసుకొని వచ్చాను. ధైర్యం వచ్చి కాదు, తెలియకుండా బతకడం ఇక నా వల్ల కాక.

రెండో ముక్కలో ఉంది. క్యాన్సర్.

ఆ రోజు ఇంటికి వచ్చాక మా ఆయన వాళ్లక్కకు ఫోన్ చేశాడు. "నీ బిళ్ళలు పాడుగాను. నా ఇంటికి రాకు," అన్నాడు. పెంచిన అక్కతో అంత మాట అంటాడని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆపాల్సింది నేనే. ఆపే ఓపిక లేదు. నిజం చెప్పాలంటే, ఎవరినో ఒకరిని తిట్టడం నాకూ హాయిగానే అనిపించింది. ఆ తర్వాత వదిన ఫోన్లు ఆగిపోయాయి. మా అమ్మాయి ప్రతి ఆదివారం వచ్చి, నా పక్కన పడుకొని, ఏమీ అడక్కుండా వెళ్లేది.

హాస్టల్ పిల్లలు మాత్రం నన్ను ఆశ్చర్యపరిచారు. నేను వెళ్లేసరికి నా కుర్చీ దగ్గర వేడినీళ్ల సీసా పెట్టి ఉండేది. ఎవరు పెట్టారో చెప్పేవాళ్లు కాదు. ఒకరోజు పై నుంచి "గీజర్ బిల్లు ఎవడి తాత కడతడు" అని అచ్చం నా గొంతుతో ఒక పిల్ల అరుపు వినబడింది. ఇన్నాళ్లూ ఎంత ఘోరంగా అరిచానో అప్పుడు తెలిసింది. నవ్వితే పొట్ట నొప్పి పుట్టింది.

ఫిబ్రవరిలో ఆపరేషన్. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. కుట్ల నొప్పి కన్నా కష్టం తీసినదాని రిపోర్టు కోసం ఎదురుచూడటం. బయటికి పాకిందా లేదా అన్నది అందులోనే తెలుస్తుంది. మా ఆయన ఆసుపత్రి మెట్ల మీదే కాపురం పెట్టాడు. లోపలికి వచ్చి నన్ను చూస్తే ఏడుపొస్తుందని బయటే ఉండేవాడు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ నా మంచం దగ్గరికే వచ్చి చెప్పారు. గర్భసంచి దాటలేదు. గ్రంథుల్లో లేదు. ముందు జాగ్రత్తకు కొద్దిపాటి రేడియేషన్ ఇస్తే చాలు. మా ఆయన విని, మొహం కడుక్కొస్తానని వెళ్లి చాలాసేపు రాలేదు. నాకు సంతోషం రాలేదు. అలసట వచ్చింది. ఒళ్లంతా ఇసుక నింపినట్టు. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బతికి బయటపడ్డాక ఎగిరి గంతేస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి.

శిరీష చూడటానికి వచ్చింది. మీ పట్టీ వల్లే బతికానమ్మా అన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అట్ల అనకండి ఆంటీ. మీ ఒక్కరిదే కలిసొచ్చింది. కొందరికి ఉత్తగనే గీత వచ్చింది, ఏం లేకుండనే నెల రోజులు ఏడ్చిన్రు. ఇంకా శానా మందిది చూడాలె."

ఆ ఉత్తగా ఏడ్చినవాళ్లలో ఒకామె నాకు హాల్లో పరిచయమే. పట్టీని నానా బూతులు తిట్టింది. ఆమె కోపమూ న్యాయమే.

ఎండలు ముదిరాయి. రేడియేషన్ అయిపోయింది. ఒక మధ్యాహ్నం పిల్లలంతా క్లాసులకు పోయాక హాస్టల్ ముందు ఆటో ఆగింది. ప్రమీల వదిన దిగింది, ఒక్కతే. అన్ని నెలల తర్వాత అదే చూడటం. క్షమించమనడానికి వచ్చిందనుకున్నాను. ఓదార్చే స్థితిలో నేను లేను, కాబట్టి లేవకుండా కూర్చున్నాను. వదిన కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్లిస్తే చేతిలో పట్టుకుంది, తాగలేదు.

"నాక్కూడ కనబడుతుంది సునందా."

"ఏం కనబడుతుంది?"

తల వంచుకుంది. నాకు అర్థమైంది. వదినకు అరవై దాటాయి.

"ఎప్పటి సంది?"

"మీ గృహప్రవేశం కంటె ముంగట్నించే."

"మరి బిళ్ళలు?"

"ఏసుకుంటనే ఉన్న. నువ్వు దవాఖానల పండినంక బుగులైంది, భయంతోని మానేసిన. ఇగ ఆగుతలేదు."

"ఎందుకు చెప్పలేదు వదినా? ఇంట్ల ఎవ్వరికైనా చెప్పొద్దా?"

"చెప్తే నన్ను పూజల కాడికి రానిస్తరా? అవి తప్ప నాకేమున్నయే," అంది.

ముందు ఒళ్లు మండిపోయింది. అరవడానికి నోరు తెరిచాను కూడా. కానీ నా ఎదురుగా కుర్చీ అంచున ముడుచుకొని కూర్చుంది. ఇంటిల్లిపాదినీ ఒంటిచేత్తో నడిపిన మనిషి. లేచాను, హాస్టల్‌కు తాళం పెట్టాను, వదిన రెక్క పట్టుకొని మెట్రో మెట్లు ఎక్కించాను. ఆయాసం నాకూ వచ్చింది, ఆవిడకూ వచ్చింది. ఇద్దరం మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకొని నిలబడ్డాం.

ఆసుపత్రి హాల్లో కూర్చున్నాక మా ఆయనకు ఫోన్ చేశాను. జనవరి నుంచి అక్క పేరెత్తని మనిషి. "మీ అక్కను దవాఖానకు తీసుకొచ్చిన," అన్నాను.

"నీకైందే అయ్యిందా?"

"అది వాళ్లు చూసి చెప్పాలె."

"ఒస్తున్న," అని పెట్టేశాడు.

చెమటలు కారుతూ వచ్చాడు. అక్కకు ఇటు పక్కన నేను, అటు పక్కన ఆయన. అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి ఆయన జేబులో రుమాలు తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు. వదిన దాంతో కళ్లు తుడుచుకుంది. నంబరు పిలిచారు. ఆడవాళ్ల గది, ఆయన్ను రానివ్వరు, కాబట్టి వదినతో నేను లేచాను. తలుపు దగ్గర ఆవిడ ఆగిపోయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నేను టైముకే ఒచ్చిన్నా, సునందా?"

నా విషయంలో ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఆరు నెలలు పట్టింది. ఆవిడకేం చెప్పను?

"తెల్వదు వదినా," అన్నాను. "పోదాం పా."